మల్బరీ తోటకు తూర్పున ట్రాక్

మోటోక్రాస్ ట్రాక్ కోసం నేల చూడటానికి వెళ్లినప్పుడు నేను ఒక వరుసలో చూస్తాను. ముందు వాలు, తర్వాత మట్టి, ఆ తర్వాత వాననీళ్లు ఎటు పోతాయన్నది. అంబులెన్సు వచ్చే దారి, టీముల లారీలు నిలిచే చోటు, జనం నిలబడే గట్టు. చివర్లో చుట్టుపక్కల పొలాలు: ఎవరివి, ఏ పంట, కోత ఎప్పుడు, ఎవరిని అడగాలి. మదనపల్లెలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. రోడ్లు వేయాల్సినవాణ్ణి, రోడ్డుకు పూర్తిగా విరుద్ధంగా ఉండేదాన్ని కట్టే పనిలో పడ్డాను. మోటోక్రాస్ ట్రాక్ ఎక్కడా చదునుగా ఉండకూడదు. ఏ మలుపూ సులభంగా తిరగకూడదు. మనిషి బండితో సహా గాల్లోకి లేచి, మళ్లీ క్షేమంగా నేలకు దిగాలి.

జాతీయ మోటోక్రాస్ ఛాంపియన్‌షిప్ మొదలై అది రెండో సీజన్. మొదటి సీజన్లో నేను బెంగళూరు కాంట్రాక్టరు దగ్గర కొలతలు తీసేవాణ్ణి. రెండో సీజన్‌కు నిర్వాహకులు నగరాల మైదానాలు వద్దనుకున్నారు. బెంగళూరుకు దగ్గరలో, ఎర్రమట్టి మెట్టభూములున్న చోటు వెతకమన్నారు. మా వైపు చూద్దామని నోరు తెరిచింది నేనే. ఒక రౌండు పుంగనూరు దగ్గర, ఇంకొకటి కుప్పం దగ్గర అని తేలింది. పుంగనూరు రౌండుకు మా మామ చేను చూపించాను. మామ అంటే మా మేనత్త భర్త. వేరుశనగ పీకేశాక ఆ చేను మళ్లీ వానల దాకా ఖాళీగానే ఉంటుంది. ఒక పక్క బండల గుట్ట, దాని కింద నేను కాగితం మీద గీసినా అంత బాగా రాని వాలు. పక్కనే ఉన్న ఇంకో రెండు చేలు కలుపుకుంటే స్థలం సరిపోయింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పక్క చేనివాళ్లతో పని పడితే దారిలో కనిపించినప్పుడు అడిగేసి ఊరుకోరు. తట్టలో ఆకూ వక్కా, టెంకాయ పెట్టుకుని ఇంటికి వెళ్లి అడుగుతారు. నేనూ అలాగే తిరిగాను. ఉత్తరాన టమోటా తోట ఆయన, కాయలు మదనపల్లె మార్కెట్టుకు పోయే బండికి దారి మూసుకోకుండా చూడమన్నాడు. లారీల స్థలాన్ని అటునుంచి మార్చేశాను. దక్షిణాన మామిడితోట వాళ్లు, పూత రాకముందే ముగించుకోమన్నారు. తేదీలు చూసి చెప్పాను. పడమట, బండ్ల బాటకు అవతల, మా అత్తావాళ్ల మల్బరీ తోట ఉంది. నేను వేసిన మ్యాపులో దాని మీద 'మనదే' అని రాసుకున్నాను. అలా రాసుకున్నాక అక్కడికి తట్ట తీసుకెళ్లాలన్న ఆలోచనే రాలేదు. సొంత మేనత్త దగ్గరికి ఆకూ వక్కా పట్టుకుని వెళ్తే ఆమెను పరాయిదాన్ని చేసినట్టే. నవ్వితే నవ్వుతుంది, లేకపోతే నొచ్చుకుంటుంది. కాబట్టి చుట్టూ ఉన్న అందరినీ అడిగాను, ఆమెను తప్ప.

తెలియక చేసింది కాదు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపాను. పట్టుపురుగులకు ఆకు మోశాను. వేరుశనగ పీకిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా ఆ చేలల్లో గాలి తూర్పునుంచే వస్తుందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గాలి, ఆకు: తెలిసిన ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

రేసు ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నం అన్నానికని అత్త ఇంటికి వెళ్లాను. పురుగుల షెడ్డు గడపలో సున్నం చల్లి ఉంది. చెప్పులు విడిచి సున్నం మీద కాలు పెట్టబోతుంటే లోపలినుంచి అత్త గొంతు వినిపించింది.

"ఆడ్నే నిలబడప్పా. పెట్రోలు వాసన కొడతాండావు."

ఆ పురుగులకు ఘాటు వాసనలు పడవు. పొగతాగినవాణ్ణి, అత్తరు పూసుకున్నవాణ్ణి కూడా ఆ షెడ్డులోకి రానివ్వరు. గడప బయటే నిలబడ్డాను. లోపల అరల నిండా కొమ్మలు, కొమ్మల మీద తెల్లగా పురుగులు. పక్క గదిలో పదిమంది కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు చప్పుడు. అవి తింటున్న చప్పుడు. ఆ చప్పుడు అంత గట్టిగా ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు. అయినా అడిగాను, పురుగులు ఎంతలో ఉన్నాయని.

"నాలుగో జ్వరం లేచినాయి పొద్దున," అంది అత్త.

పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి, తల ఎత్తుకుని కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. అలాంటివి నాలుగు. నాలుగోది లేచాక ఇక జ్వరం లేదు. వారం రోజులు ఆపకుండా తింటుంది, తర్వాత గూడు కట్టుకుంటుంది. పుట్టినప్పటినుంచి తిన్నదంతా ఒక ఎత్తు, ఆ వారం తినేది ఒక ఎత్తు. పట్టు అయ్యేది ఆ ఆకే. ఆ వారం సరిగ్గా నా రేసు వారం.

రేసు తేదీ నీకు తెలుసు కదా, పురుగులను కొన్నాళ్లు ఆగి తెచ్చుకోవాల్సింది అన్నాను. మాట బయటికొచ్చాక అది ఎవరు ఎవరిని అడగాల్సిన మాటో అర్థమైంది. అత్త చేతిలో కొమ్మ అరమీద పరిచి బయటికి వచ్చింది.

"ఆకు వచ్చేసిండాది నాయనా. ఆకు ఆగుతాదా? మీది దేశమంతా వచ్చే పని. నా పురుగుల కోసరం నిన్ను ఆపమని అడిగేదేముంది?"

మామ అన్నం ముందు కూర్చుని నవ్వాడు. "మీ అత్త పురుగులకు, మీ బండ్లకు ఒకటే యావ అల్లుడూ. ఎంత పెట్టినా సాలదు."

తన చేన్లో జాతీయ పోటీ జరుగుతుందని మామ నెల్లాళ్లుగా పుంగనూరులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. అత్త ఆ సంతోషాన్ని చూసింది. నా సంతోషాన్నీ చూసింది. ఆ రెండిటి మధ్య ఆమె నోరు ఎలా తెరుస్తుందో నేను ఆలోచించి ఉండాల్సింది.

శనివారం ప్రాక్టీసు, క్వాలిఫయింగ్. పొద్దున ట్రాక్ నేను అనుకున్నట్టే ఉంది. ఈ ఆటలో మట్టికి తడి ఒక హద్దులో ఉండాలి. గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, బొటనవేలితో తాకితే విరగాలి. తడి ఎక్కువైతే చక్రం జారుతుంది. ఎండితే దుమ్ము లేస్తుంది, ముందు పడిపోయినవాడు వెనకొచ్చేవాడికి కనపడడు. దుమ్ము గురించి మా నియమాల్లో ఉన్నది ఆ ఒక్క ప్రమాదమే. ట్రాక్ దాటిపోయాక ఆ దుమ్ము ఎక్కడ దిగుతుందన్నది ఏ నియమంలోనూ లేదు.

ఎండ ఎక్కేసరికి మొదటి మలుపు దగ్గర మట్టి పిండయింది. అక్కడ బండ్లన్నీ ఒకేసారి వంగుతాయి, వెనక చక్రాలు నేలను చీలుస్తాయి. దుమ్ము పైకి లేచి, కాసేపు నిలబడి, తీరుబాటుగా బాట దాటింది. తోట మీదికి వెళ్లి అక్కడ దిగింది. మళ్లీ లేచింది, మళ్లీ దాటింది. మధ్యలో నీళ్లు చల్లించాను. కానీ రేసుకూ రేసుకూ నడుమ ఎక్కువ చల్లితే ఎగిరే చోట నేల జారుడుగా మారుతుంది, రైడర్లకు కాళ్లూ చేతులూ విరుగుతాయి. నీళ్లకు హద్దు పెట్టింది నేనే. ఆ హద్దు సరైనదే. సాయంత్రానికి తోట ఇటుక రంగుకు తిరిగింది.

ఆ సాయంత్రం ఒక ట్యాంకరు నీళ్లు మిగిలాయి. పైపు పట్టించి తోట కడిగించాను. తడి ఆకు పురుగులకు వేయకూడదు, వేస్తే రోగం వస్తుంది, అది నాకు చిన్నప్పటినుంచి తెలుసు. రాత్రి గాలికి ఆరిపోతుంది, పొద్దున మేతకు శుభ్రంగా ఉంటుందని లెక్క వేసుకున్నాను. అత్త గట్టు మీదికి వచ్చి నిలబడింది. ట్యాంకరు డ్రైవరు ఉన్నాడు, నాతో పనిచేసేవాళ్లు ఇద్దరు ఉన్నారు. వాళ్లవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది. చివరికి పడమటి మూలకు చెయ్యి చూపించింది.

"సాల్లే నాయనా. ఆ మూల ఒదిలెయ్. దాన్ని తడపొద్దు."

నా నీళ్లు మిగల్చాలని చూస్తోందనుకున్నాను. అలసిపోయానేమోనని జాలిపడుతోందని కూడా అనుకున్నాను. ఆమె చెప్పినట్టే ఆ మూల వదిలేసి, మంచి పని చేశానన్న తృప్తితో మదనపల్లె వెళ్లిపోయాను.

తెల్లవారుతుండగా ట్రాక్ చూసుకుందామని వచ్చాను. పొగమంచు దిగి ఉంది. నా లెక్కలో గాలి ఉంది కానీ మంచు లేదు. కడిగిన సాళ్లన్నీ ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఆకుల ఈనెల వెంట దుమ్ము బురదై గీతలు కట్టింది. నేను తడపకుండా వదిలిన మూలలో నలుగురు వంగి ఉన్నారు. అత్త, మామ, ఊళ్లోంచి పిలుచుకున్న ఇద్దరు ఆడవాళ్లు. చేతుల్లో పాత నూలుచీరల పేలికలు. కోసిన కొమ్మలు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క ఆకును పైనా కిందా తుడుస్తున్నారు. వారమంతా కోతకు రావాల్సిన తోటలో పనికొచ్చే ఆకు ఆ మూలలోనే మిగిలింది. ఆ మూలను మిగిల్చింది ఆమె. మిగతాదంతా కడగనిచ్చింది నా కోసం. పరాయివాళ్ల ముందు మేనల్లుణ్ణి వద్దనడం ఇష్టంలేక.

నేనూ కూర్చుని పేలిక అందుకోబోయాను. అత్త నా చేతులవైపు చూసింది.

"ఆయిలు చేతులు. ముట్టొద్దప్పా," అంది. కసిరినట్టు కాదు. "నీ పని సూసుకో పో. జనాలు వస్తాండారు."

సాయం చేయడానికి కూడా పనికిరాని చేతులతో లేచి వచ్చేశాను. పక్కనున్న ఆడమనిషి మామతో ఏదో అంది. ఎద్దుల పోటీకి రంగుబట్టలు కట్టేవాళ్లను చూశాం గానీ, ఆకులకు మొహం తుడిచేవాళ్లను ఇప్పుడే చూస్తున్నామని. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు ట్రాక్ దాకా వినిపించింది.

జనం బాగా వచ్చారు. మదనపల్లె నుంచి కాలేజీ వాళ్లు, కురబలకోట నుంచి గొర్రెలకాపర్లు, పుంగనూరు బజారు సగం. ప్రతి రేసూ అయ్యాక బాట దాటి ఎర్రగా కదిలేదాన్ని చూశాను, మళ్లీ తల తిప్పుకున్నాను. చివరి రేసుకు ముందు పోటీల పెద్ద అధికారి వచ్చి ట్రాక్ ఎలా ఉందని అడిగాడు. మొదటి మలుపు ఎండిపోయింది. తడిపించాలంటే ఆలస్యమవుతుంది, గాలి అప్పటికి పడిపోవచ్చు కూడా. కానీ ఎగిరే చోట్లు సరిగ్గా ఉన్నాయి, మలుపు దగ్గర చూపు ఆనుతోంది. రేసు నడపడానికి అడ్డం ఏమీ లేదు. బాగుంది అన్నాను. ఆ జవాబులో అబద్ధం లేదు. ఆయన అడిగింది ట్రాక్ గురించి, నేను చెప్పింది ట్రాక్ గురించి.

నన్ను ఇప్పటికీ తినేది ఆ జవాబు కాదు. దాని తర్వాత జరిగింది.

గేటు పడింది, బండ్లన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. నేను పెద్ద జంప్ పక్కన గట్టు మీద ఉన్నాను. మట్టిని బల్లలా చదును చేసి, ఒకవైపు ఎగరడానికి, అవతలివైపు దిగడానికి వాలు పెట్టిన దిబ్బ అది. దిగే వాలుకు చెరువుమట్టి కలిపించి, నాలుగుసార్లు చెరిపి మళ్లీ కట్టించాను. శనివారం ఎవరూ దాన్ని పూర్తిగా దాటలేదు. చివరి రేసులో కొచ్చి నుంచి వచ్చిన ఒక రైడరు ఇటు చివరన లేచి, అటు వాలు మీద, నేను సున్నంతో గీత పెట్టుకున్న చోటనే రెండు చక్రాలూ ఒకేసారి ఆనించాడు. చప్పుడే రాలేదు. తర్వాతి చుట్టులో మళ్లీ అలాగే. ఆ తర్వాత ఇంకొకడు. నేను అరవలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఒళ్లంతా తేలికైపోయింది. తలకు తుండుగుడ్డ చుట్టుకుని మామ నా పక్కకు వచ్చాడు.

"మన చేన్లో ఇంత ఎత్తు ఏదీ పెరగల్యా అల్లుడూ ఇన్నేండ్లకు," అన్నాడు నెమ్మదిగా.

నవ్వాను. రేసు ముగిసేదాకా తోట నాకు గుర్తులేదు. ఒక్కసారి కూడా గుర్తులేదు. దుమ్ము లేచి ఉంటుంది, నా వీపు వెనకే బాట దాటి ఉంటుంది. నేను ఇటు చూస్తూ సంతోషంగా ఉన్నాను. బలవంతంగా మరచిపోయి ఉంటే క్షమించుకునేవాణ్ణేమో. కష్టపడకుండానే మరచిపోయాను.

బహుమతులప్పుడు భూమి ఇచ్చినవాళ్లను వేదిక మీదికి పిలిచారు. మామ వెళ్లి అత్తను పిలుచుకొచ్చాడు. చీర మార్చుకునే తీరిక లేదేమో, అదే చీరతో వచ్చింది. శాలువా కప్పారు, హెల్మెట్ ఆకారంలో ఉన్న జ్ఞాపిక చేతికిచ్చారు. దాన్ని పట్టుకున్న వేళ్లు ఆకుపసరుకు నల్లగా ఉన్నాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వేదిక దిగి నా దగ్గరికి వచ్చి, శాలువా అంచును రెండు వేళ్లతో నలిపి చూసింది.

"నూలుదయ్యింటే పనికొచ్చుండు, తుడిచేదానికి," అంది. మళ్లీ తోటకు వెళ్లిపోయింది.

మిగతా రోజులకు కురబలకోట వైపు తెలిసినవాళ్ల తోటనుంచి ఆకు తెచ్చుకున్నారు. వేరే తోట ఆకు, ఎండలో ప్రయాణం చేసొచ్చిన ఆకు. ఒక పూట మేత ఆలస్యమైంది. పురుగులు గూళ్లు కట్టడానికి వెదురుతో అల్లిన చంద్రికల మీదికి ఎక్కాయి. కొన్ని ఎక్కలేక కిందే ఉండిపోయాయి. గూళ్లు మదనపల్లె మార్కెట్టుకు వేసినప్పుడు మామతో నేనూ వెళ్లాను. కొనేవాళ్లు గూటిని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తారు. లోపలి పురుగు ఎండు గింజలా తగిలి చప్పుడైతే మంచి గూడు. మా గూళ్లలో ఒకటి తీసి ఆడించిన ఆయన, రెండోది తీశాడు, మూడోది వేళ్ల మధ్య నొక్కాడు. గూడు మెత్తగా లోపలికి పోయింది.

"ఆకు ఏమన్నా తేడా వచ్చిందా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మామ జవాబు చెప్పేశాడు. "సలి ఎక్కువప్పా ఈ తూరి."

నిజంగా చలే కావచ్చు. తెచ్చిన పురుగులదే లోపం కావచ్చు. బయటి ఆకు కావచ్చు, ఆలస్యమైన మేత కావచ్చు, మంచుతో కలిసిన నా నీళ్లు కావచ్చు, దుమ్ము కావచ్చు. రోడ్డు కుంగితే తవ్వి, పొర పొరా చూసి, ఇదీ కారణం అని చెప్పగలను. గూటిని కోసి చూసినా లోపల నా పేరు ఉండదు. ఎవరైనా తేల్చి చెబితే మోయడం సులభంగా ఉండేది. మామ చలి అంటాడు. అత్తను అడిగితే ఆమే చలి అంటుంది. వాళ్లిద్దరూ ఆ మాట ఎప్పుడు కూడబలుక్కున్నారో తెలియదు.

కుప్పం రౌండుకు శాంతిపురం వైపు, గ్రానైట్ క్వారీ పక్కన నేల చూశాం. అక్కడ నేను చుట్టుపక్కల ప్రతి ఇంటికీ తట్ట తీసుకెళ్లాను. భూమి ఇచ్చినాయన ఇంటికీ వెళ్లాను, ఆయన తమ్ముడింటికీ. గాలి ఎటునుంచి వస్తుందో, చేన్లో ఏముందో, ఏ వారం కోతో అడిగాను. క్యాబేజీ తోట వేసిన ఒక పెద్దావిడ తట్ట అందుకుని నన్ను అనుమానంగా చూసింది. యాల ఇంతగా అడుగుతావప్పా, ఏమన్నా కీడు జరగబోతాదా అంది. ఆ రౌండు బాగా జరిగింది. బాగా జరిగినకొద్దీ, ఇంత జాగ్రత్త పరాయివాళ్లకు చూపించగలిగానే అనిపించింది.

మూడో సీజన్‌కు నిర్వాహకులు మళ్లీ మామ చేనే అడిగారు. ఫోన్లో మామ వెంటనే సరే అన్నాడట. నేను మదనపల్లె బజారులో ఆకూ వక్కా, టెంకాయ కొన్నాను. స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, బండి మీద కాకుండా బస్సులో వెళ్లాను. అత్త వసారాలో కూర్చుని ఉంది. తట్ట ఆమె ముందు పెట్టి, నిలబడే ఉన్నాను.

తట్టను చూసింది, నన్ను చూసింది. మొహం మారిపోయింది. ఇన్ని రోజుల్లో ఆమెకు నా మీద కోపం రావడం అప్పుడే చూశాను.

"ఏందిది? మేమేమన్నా బయటోళ్లమా?"

"అడగాల కదత్తా," అన్నాను. "పోయినతూరే అడగాల్సింది."

ఆమె బాట అవతల తోటవైపు చూసింది. మామ లోపలినుంచి వచ్చి తట్ట చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

"గూళ్లు వేసినాక తోట కొట్టేస్తాము," అంది అత్త. "మోళ్లే ఉంటాయి, ఆకుండదు. చిగురొచ్చే దాకా ఎంత దుమ్మన్నా పోసుకోండి. ఆ వారంలో పెట్టుకోమను."

అంతే. రెండు వారాల తేడా. తేదీలన్నీ నా చేతిలో ఉన్నప్పుడు, మామిడి పూత కోసం తేదీలు చూసినప్పుడు, వసారాలో కూర్చుని అడిగితే దొరికి ఉండే జవాబు. తప్పకుండా ఆ వారమే అని చెప్పాను.

తట్టలోంచి ఆమె ఒక తమలపాకు తీసుకుంది. సున్నం రాసే ముందు ఎవరైనా చేసేదే, చీర చెంగుతో ఆకును తుడిచింది. పైన ఒకసారి. తిప్పి, కింద ఒకసారి. ఈనె వెంట వేలితో మరోసారి. నేను తల తిప్పుకుని చేనువైపు చూశాను.